పనసచెట్టింటి బేరం

ఖరగ్‌పూర్ రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీలో ఒకే గోడకి అటూ ఇటూ రెండు క్వార్టర్లు. ఇటువైపు వెనక వరండాలో నీలవేణి కత్తిపీట ముందేసుకుని దొండకాయలు కోస్తోంది. వర్క్‌షాపు నుంచి వచ్చిన మొగుడు దేముడు మెట్టు మీద కూలబడి, ఇంకా బూట్లయినా విప్పలేదు. గోడకి అటువైపు ఎవరో నవ్వారు. ఆ నవ్వుకే నీలవేణికి ఒళ్ళు మండింది.

"నవ్వుతాది, ఎందుకు నవ్వదు? ఇల్లు కొనుక్కున్న మనిషి నవ్వుతాది. కొనుక్కోలేనోళ్ళం మనం దొండకాయలు కోసుకోవాల."

"మెల్లిగా అనవే. గోడవతలకి ఇనిపిస్తాది. అయినా అది టీవీ నవ్వు."

"టీవీ కాదు, శ్రావణి నవ్వే. ఆ ఇంట్లో కుక్కరు కూతేస్తే నాకు తెలుస్తాది, ఆళ్ళాయన ఫణీంద్రబాబు తుమ్మితే తెలుస్తాది. నవ్వు తెలీదేటి?"

"సరే, నవ్వింది. నవ్వితే నీకేటి?"

"ఇల్లు కొంటన్నారు మావా ఆళ్ళు."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాల? నాకు కళ్ళు లేవేటి?"

"కొనట్లేదు."

"ఏటి?"

"ఫణీంద్రబాబు ఏ ఇల్లూ కొనట్లేదంటన్నాను. ఒగ్గెయ్. కాసిన్ని మంచినీళ్ళియ్యి."

"నీకేటి తెలుసు? పొద్దున్న సైరన్‌కి ఎల్తే సాయంత్రం సైరన్‌కి వస్తావు. ఈ కాలనీలో ఏటి జరగతందో నీకు తెలుస్తాదా? సుభాష్‌పల్లిలో పనసచెట్టిల్లు. ఎర్రగచ్చు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, గేటు దాటగానే పనసచెట్టు. బెంగాలీ ముసలావిడ ఒక్కర్తీ ఉంటాది. ఆ ఇల్లు."

"ఊఁ."

"ఊఁ అంటావేటి? ఆ ఇల్లు ఎవులిదో తెలుసా నీకు?"

"ఆ ముసలావిడదే కదా."

"నాది! మనసులో నాది. టోటో రిక్సాలో మార్కెట్టుకి ఎల్లిన పెతీసారీ ఆ ఇంటికాడ మెడ తిప్పి సూస్తాను. నీకూ సూపించినాను. దుర్గాపూజ పందిళ్ళు సూడ్డానికి ఎల్లినప్పుడు ఆ గేటు కాడ నిన్ను నిలబెట్టి సూపించినాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"గుర్తుండి ఏటి లాభం? ఇప్పుడు అందులో శ్రావణి దీపం పెడతాది."

"పెట్టదు అంటన్నాను కదా. ఆ ఇంట్లో మన తెలుగోళ్ళెవులూ దీపం పెట్టరు ఇంక."

"ఇంక ఏటి ఇంక? నువ్వేటి అలా నీరసంగా మాటాడతావు? ఒంట్లో బాగోలేదేటి?"

"కాళ్ళు లాగతన్నాయి."

"ముందు ఇది ఇను. ఆళ్ళ ఎర్రబండి ఉన్నాది కదా, అది ఆ గేటు ముందు ఆగి ఉన్నాది. ఒకసారి కాదు. మొన్న సూసినాను, అంతకు ముందూ సూసినాను."

"ఎర్రబళ్ళు ఊర్నిండా ఉంటాయి."

"ఎనక రేకు మీద ఆళ్ళ గుంటపిల్ల అంటించిన సీతాకోకచిలక కూడా ఊర్నిండా ఉంటాదేటి? మన కాలనీలో ఎవులి బండి ఏ గుమ్మం ముందుంటే ఆ మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టే కదా. అన్ని క్వార్టర్లూ ఒక్కలాగే ఉంటాయి, అన్ని తలుపులూ ఒక్క రంగే. బుద్దెరిగిన కాడ్నుంచీ మనుషుల్ని బండిని బట్టే పోల్చుకుంటన్నాం. లోపలికి తొంగి సూసే పని లేదు."

"తొంగి సూడాల్సింది."

"ఏటన్నావు?"

"ఏటీ లేదు. నువ్వు సెప్పు."

"అది సాలకపోతే ఇంకోటుంది. గోడకి గ్లాసెట్టి ఇన్నాను."

"గ్లాసెట్టి ఇన్నావా!"

"ఊరికే ఇనలేదు. అనుమానమొచ్చి ఇన్నాను. 'మాసీమా ఒప్పేసుకుంది, బయానా ఇవ్వడమే తరువాయి' అన్నాడు ఆయన. మాసీమా అంటే ఆ బెంగాలీ పిన్నమ్మ, ఇల్లు ఆవిడదే. 'అమ్మయ్య, ఎంత సంతోషంగా ఉందో' అంది ఆవిడ. ఆ తరవాత ఏటందో తెలుసా? 'అక్కకి మాత్రం చెప్పకండి' అంది. నాకు సెప్పొద్దంట మావా! ఎందుకు సెప్పొద్దు? నాను ఓర్వలేననే కదా?"

"అందుకు కాదేమో."

"మరెందుకు? గోల్ బజార్‌కెల్లి ఏటి తెచ్చిందో తెలుసా? సంచీ నిండా పరదాల గుడ్డ కొనుక్కొచ్చింది. మెంతిరంగు! మెంతిరంగు ఎవులి రంగు? నాది. నా పెళ్ళి సీర మెంతిరంగు. 'ఎందుకమ్మా ఇంత గుడ్డ, నీ కిటికీలకి బానే ఉన్నాయి కదా' అంటే, 'ఊరికే అక్కా' అని సంచీ ఎనక్కి దాసుకుంది."

"నీలా, ఇంక ఒగ్గెయ్."

"నాను ఒగ్గెయ్యను. నా కడుపు మండిపోతన్నాది. బట్టలుతికే మిషను ముందు ఆళ్ళకే వచ్చింది. ఏసీ ముందు ఆళ్ళకే. స్కూటీ ఆళ్ళకే."

"ఆ మిషన్లో నీ దుప్పట్లు కూడా ఉతికించుకున్నావు."

"అదే నా మంట! ఉతికి, ఆరేసి, మడతపెట్టి మరీ ఇస్తాది. ఒక్కసారి మొహం మాడ్సుకున్నా నా పేణం కుదుటపడును. మాడ్సుకోదు. 'ఇంకేమైనా ఉన్నాయా అక్కా' అంటాది. అంత మంచి మనిషి పక్కనుంటే మనం ఏటయిపోవాల?"

"నీ మాట నీకే నవ్వు రాట్లేదేటి?"

"రాట్లేదు. నువ్వాలోసించు. గృహప్రేసానికి నన్నే ముందు పిలుస్తాది. బొట్టెట్టి మరీ పిలుస్తాది. నాను ఎల్లాల. పాలు పొంగుతుంటే పక్కన నిలబడాల. 'రా అక్కా, వంటగది చూద్దువుగాని' అని సెయ్యట్టుకుని తిప్పుతాది. ఎర్రగచ్చు మీద నడిసి, 'బాగుంది, బాగుంది' అనాల. అనేసి ఇంటికొచ్చి, ఈ పెచ్చులూడిన గోడకి ఇటేపు తొంగోవాల. ఆ పక్క ఖాళీ. నవ్వు కూడా ఉండదు. నా వల్ల కాదు మావా."

"మనం కూడా కొందామనే కదా తిరిగినాం."

"తిరిగినాం, తిరిగినాం! సెప్పులరిగినాయి. ఏదీ ఇల్లు?"

"నాను సూపించలేదేటి? సాలువా కాడ స్తలం సూపించినాను. ఏటన్నావు?"

"అక్కడ పోలీసు కేంపు. తెల్లారకుండా తుపాకులు పేలుస్తారు. ఉలిక్కిపడి సేతిలో గిన్నె జారిపోతాది."

"అది ఒగ్గీసినాం. ఆనక ఫ్లాటు. నీకు నచ్చినాది. నచ్చితే నోరు మూసుకున్నావా? పంపుకాడ సెప్పినావు, గుళ్ళో సెప్పినావు, సేపల బజార్లో కూడా సెప్పినావు. మనం బ్యాంకు లోను కోసం తిరగతంటే ఇంకెవులో ఎల్లి బయానా ఇచ్చీసినారు."

"శ్రావణి ముందర ఒక్కసారి సెప్పుకుందామనుకున్నాను. అక్కడ మొదలైనాది, అంతే."

"ఆ తరవాత ఆ బెంగాలీ దాదా ఇల్లు. ఈశాన్యంలో మెట్లున్నాయని గుమ్మంలోంచే ఎనక్కి తిరిగినావు. ఆయన మనకోసం టీ పెట్టించి, ఏటి జరిగిందో తెలీక బిత్తరపోయి సూసినాడు."

"ఈశాన్యంలో బరువుంటే ఇంటాయనకి మంచిది కాదు. నీకోసమే కదా."

"నాకోసమే. అన్నీ నాకోసమే."

"ఎటకారం సేయకు. నీకు సర్వీసు ఎంత మిగిలినాదో నాకు తెలీదనుకున్నావా? ఇంకో రెండు దుర్గాపూజలు, అంతే. ఆ తరవాత ఈ క్వార్టరు తాళం ఆపీసులో ఇచ్చీయాల. అప్పుడెక్కడికెల్తాం?"

"నాకూ అదే దిగులు."

"నీకు దిగులు, నాకు భయం. మా అయ్య రిటైరయిననాడు సూసినాను కదా. సామానంతా రోడ్డు మీద. లోపల కొత్తగా వచ్చినోళ్ళు అప్పుడే గది కడిగీసుకుంటన్నారు. మా అమ్మ ఒట్టి సేతుల్తో సన్నజాజి పాదు పీకబోయినాది. ఏరు రాలేదు. 'పోనీలేవే' అని మా అయ్య రిక్సా ఎక్కించినాడు. దారంతా గోళ్ళల్లో మట్టి సూసుకుంటా కూకుంది."

"సెప్పినావు ఓసారి."

"మా తాత ఈ ఊరొచ్చినాడు, సొంతిల్లు లేదు. మా అయ్యకీ లేదు. శ్రీకాకుళం ఎల్తే ఖరగ్‌పూరోళ్ళొచ్చినారంటారు. ఇక్కడేమో తెలుగోళ్ళంటారు. మీదెక్కడని అడిగితే డోరు నంబరు సెప్తాం. ఆ నంబరు కూడా రైల్వేదే! నాదీ అని మేకు కొట్టుకోడానికి ఒక్క గోడ లేదు మావా నాకు. ఆ శ్రావణికేటి తొందర? ఫణీంద్రబాబుకి ఇంకా బోల్డు సర్వీసుంది."

"అవును. ఆళ్ళకి తొందర లేదు."

"లేదు కదా? మరి మా... మరి ఎవులైనా ఊరుకుంటారేటి?"

"ఎవులు ఊరుకోలేదు?"

"ఏటీ లేదు. అన్నం పెట్టీనా?"

"నీలా. ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యలేదు. టీ తాగొచ్చినాను."

"ఎక్కడ?"

"పనసచెట్టింట్లో."

"ఎప్పుడు?"

"నిన్న మద్దేన్నం. అలా లెగిసిపోయినావేటి? కూకో. దొంగతనానికి ఎల్లలేదు. గేటు తీసి, 'మాసీమా, ఎండగా ఉన్నాది, కాసిన్ని నీళ్ళిస్తారా' అన్నాను. నా బెంగాలీ నీకంటే బాగుంటాది కదా. లోపలికి రమ్మంది. కూకోబెట్టి టీ ఇచ్చింది, బిస్కెట్టిచ్చింది. ఆ గచ్చు ఎంత సల్లగా ఉన్నాదో! సెప్పులిప్పి అరికాళ్ళు ఆనించి కూకున్నాను. లేవబుద్దెయ్యలేదు."

"టీ తాగినావు. ఆ తరవాత?"

"మాటల్లో పడినాం. ఆ సెట్టు ఆళ్ళాయన నాటినాడట. గార్డు ఉద్యోగం. బండి దిగి ఇంటికొస్తే ముందు సెట్టుకి నీళ్ళు పోసి, అప్పుడు తన కాళ్ళు కడుక్కునేవోడట. ఇప్పుడు ఆయన లేడు. కూతురు కాడికి ఎల్లిపోదామని ఇల్లు అమ్ముతన్నాది. ఎవులికి బడితే ఆళ్ళకివ్వదట. సెట్టుని సూసుకునేవోడికే ఇస్తాదట. 'కొనడానికొచ్చిన అబ్బాయి మంచోడు, ఒక్క ఆకు కూడా ముట్టనని మాటిచ్చినాడు' అంది."

"ఇచ్చినాడు."

"నీకెలా తెలుసు?"

"నువ్వే కదా సెప్పినావు. తరవాత ఏటన్నావు నువ్వు?"

"నాను నవ్వినాను."

"నవ్వినావా!"

"నవ్వి, 'మాసీమా, మీకు మా తెలుగోళ్ళ వాస్తు సంగతి తెలీదు పాపం' అన్నాను. 'మీ సెట్టు ఈశాన్యం మూలనున్నాది. అంత బరువు ఆ మూల మేం ఉంచం. మాటదేవుంది, ఇస్తాడు. గృహప్రేసానికి ముందు గొడ్డలి అట్టుకొస్తాడు. పనసకర్ర గట్టిది కదా, ఆ కర్రతోనే గుమ్మాలు సేయించుకుంటాడు' అన్నాను. ఎలాగుంది?"

"ఓలమ్మ. ఏటి మాటన్నావే."

"ఆ మాటకి ఆవిడ కప్పు కింద పెట్టీసింది. లేసెల్లి సెట్టు మీద సెయ్యేసి అలా నిలబడిపోనాది. నా కేసి సూడలేదు."

"మీ అమ్మ పాదు అట్టుకుని నిలబడినట్టు."

"ఇప్పుడా మాటెందుకు?"

"ఊరికే అన్నాను."

"ఊరికే అనకు. నాకు మాత్రం కష్టం అనిపించలేదేటి? కానీ మొహం కడుక్కుని తేల్చి సెప్పీసింది. 'ఆడికివ్వను' అంది. నాను గేటు దాటి వచ్చినాక ఒళ్ళంతా తేలికైపోనాది. రాత్రి ఎన్నాళ్ళకో నిద్రట్టింది. నాకు రాని ఇల్లు దానికీ రాదు."

"నీలా, నా కేసి సూడు. ఎవులని సెప్పినావు ఆవిడికి? పేరు సెప్పినావా?"

"పేరెందుకు సెప్తాను, నాకు బుద్ది లేదేటి? శ్రావణికి తెలిసిపోదూ? 'ఎర్రబండి మీద వస్తాడే, మా కాలనీ తెలుగోడు' అన్నాను. 'ఇద్దరొస్తారు కదమ్మా, కొనేవోడా, కూడా వచ్చేవోడా' అంది. కూడా వచ్చేవోడు ఎవుడో దళారి అయ్యుంటాడు. 'కొనేవోడే మాసీమా, ఆడి గురించే సెప్తన్నాను' అన్నాను."

"కొనేవోడే అన్నావు."

"అన్నాను."

"నీ నోటితో."

"నా నోటితోనే. ఏటి మావా, మొహం అలా పాలిపోనాది? నీళ్ళు తాగు."

"ఈవేళ అన్నం గంటలో నాకు ఫోనొచ్చినాది."

"ఎవులు?"

"మాసీమా."

"ఏ మాసీమా?"

"ఎంతమంది మాసీమాలున్నారు నీకు? పనసచెట్టు మాసీమా. 'తోమాకే దేబో నా' అంది. నీకివ్వను అంది. ఎందుకు మాసీమా అని అడుగుతుంటే పెట్టీసింది. మళ్ళీ సేస్తే ఎత్తలేదు. అప్పట్నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటన్నాను, నాను ఏటి తప్పు మాటాడినానా అని."

"ఆవిడ... నీకెందుకు సేసింది? నీ నంబరు ఆవిడ కాడ ఎందుకుంది?"

"బండి ఫణీంద్రబాబుది. బేరం నాది."

"అబద్దం."

"ఇంటి కాయితాలన్నీ బెంగాలీలో ఉన్నాయి. నాకు మాటాడ్డం వచ్చు గాని సదవడం రాదు. ఆయన ఆపీసులో పని సేసేవోడు, బెంగాలీ అచ్చరాలొచ్చు, సదివి సెప్తాడని బతిమాలి తీసుకెల్లినాను. ఎనక కూకున్నోణ్ణి నాను."

"కూడా వచ్చేవోడు..."

"ఫణీంద్రబాబు."

"కొనేవోడు..."

"నాను."

"నువ్వు... నాకు సెప్పకుండా... ఎందుకు సెప్పలేదు మావా? పెళ్ళాన్ని కదా!"

"సెప్పిన ఇళ్ళన్నీ పోనాయి. ఈ ఒక్కటైనా సెప్పకుండా సేద్దామనుకున్నాను. బయానా ఇచ్చీసి, ఆ గేటు కాడికి నిన్ను తీసుకెల్లి, నువ్వు నన్ను నిలబెట్టిన సోటే నిన్ను నిలబెట్టి, తాళం సేతిలో పెడదామనుకున్నాను."

"మరి మెంతిరంగు పరదాలు?"

"నీకే. రంగు నాకేటి తెలుస్తాది? శ్రావణమ్మని అడిగినాను. 'అక్కకి మెంతిరంగంటే ప్రాణం, పెళ్ళి చీర అదే కదా' అని ఆవిడే ఎంచింది."

"అక్కకి సెప్పకండి అన్నది..."

"అందుకే."

"ఓలమ్మో. ఓలమ్మో, నా ఇంటిని నానే... సెట్టు కొట్టీస్తాడని నీ మీద... నా మొగుడి మీద నానే..."

"మెల్లిగా. గోడ."

"నా కళ్ళల్లో నాను నిప్పులు పోసుకున్నాను మావా. ఆవిడిచ్చిన బిస్కెట్టు తిన్నాను. ఆ గచ్చు మీద అరికాళ్ళు ఆనించి, ఇది శ్రావణిదైపోతంది, శ్రావణిదైపోతంది అని కుళ్ళిపోనాను. అప్పుడది నాదే!"

"అప్పుడు నీదే."

"నన్ను తిట్టవేటి? తిట్టు. ఓ దెబ్బేసినా పడతాను."

"తిట్టడానికి ఓపిక లేదు. ఆవిడ సెట్టుకాడ నిలబడిందన్నావు సూడు, నాకు అదే కళ్ళల్లో తిరగతంది."

"లెగు. బూట్లిప్పలేదు కదా, మంచిదే. లెగు బేగి. ఇప్పుడే ఎల్దాం."

"ఎల్లి?"

"కాళ్ళట్టుకుంటాను. సెట్టుకి పసుపు రాస్తాను, బొట్టెడతాను. వాస్తు లేదు ఏటీ లేదు, ఈశాన్యం నా నెత్తినుంటాది అని సెప్తాను. నానే అబద్దమాడినాను, మా ఆయన బంగారం అని సెప్తాను."

"సెప్తావా? నిజంగానే సెప్తావా?"

"ఎందుకు సెప్పను? నా ఇల్లది. ముసలావిడ కాడ నాకేటి సిగ్గు? ఆవిడికి నానెవులో కూడా తెలీదు. తిడితే పడతాను. ఒక్కటే మావా. ఒట్టెయ్యి."

"ఏటని?"

"శ్రావణికి తెలీకూడదు. ఇల్లు వచ్చినా, రాకపోయినా, తెలీకూడదు. ఆళ్ళ ఇల్లనుకుని నాను కుళ్ళుకున్నానని దానికి తెలిస్తే నాను బతకలేను. అది తిట్టదు. 'పోనీలే అక్కా' అంటాది. నాను ఆ మాట పడలేను. ఒట్టెయ్యి."

"నీలా..."

"నా మీద ఒట్టెయ్యి మావా."

"సరే. నా నోట రాదు. సెప్తే నువ్వే సెప్పుకోవాల. పద."

"అక్కా! నీలవేణక్కా! తలుపు తీసే ఉందా?"

"ఓర్నాయనో, శ్రావణి వచ్చీసింది. నా మొహం ఎలాగుంది?"

"కళ్ళు తుడుసుకో. రామ్మా శ్రావణీ, రా."

"అన్నయ్యా, మీరు కూడా ఉన్నారా? మంచిదయింది. టీవీ పెట్టుకుని కూర్చున్నానే గానీ ఒక్క ముక్క వినలేదు. ఎలా చెప్పాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. అక్కేంటి, ఏడ్చిందా? ఇంటి సంగతి తెలిసిపోయిందా?"

"ఇప్పుడే సెప్పినానమ్మా."

"ఇల్లు ఇవ్వనందని కూడానా?"

"అది కూడా."

"ఏడవకక్కా. ఇల్లు ఇంకా పోలేదు. అది చెప్పడానికే వచ్చాను. ముందు నా మీద కోపం తెచ్చుకోకండి. మాసీమా ఇందాక ఆఫీసుకి ఫోన్ చేసి మా ఆయనతో మాట్లాడిందట. 'మీ స్నేహితుడు నా చెట్టు కొట్టేస్తాడు, నువ్వు మంచివాడివి, పనసతొనలు తిని గింజలు కూడా పారెయ్యకుండా జేబులో వేసుకెళ్ళావు, ఇల్లు నువ్వు తీసుకో' అందట."

"మీకా? మీకిచ్చీస్తాదటా?"

"చూడక్కా, మేమెప్పుడైనా ఇల్లు అనుకున్నామా? కలలో కూడా లేదు. అది దేముడన్నయ్య ఇల్లు, మాకొద్దు అని ఈయన గట్టిగా చెప్పేశారు. అప్పుడు చెప్పిందట అసలు సంగతి. ఎవరో మన కాలనీ ఆవిడే ఆ ఇంటికెళ్ళి, కూర్చుని టీ తాగి మరీ అన్నయ్య మీద లేనిపోనివన్నీ ఎక్కించిందట. వాస్తు కోసం చెట్టు నరికి గుమ్మాలు చేయించుకుంటాడందట. ఎంత నోరక్కా! ఆ టీ ఎలా దిగిందో గొంతు."

"సరేనమ్మా. ఆనక ఏటయినాది?"

"ఈయన ఆవిడని గంటసేపు బతిమాలారు. చివరికి దిగొచ్చింది. ఆ చెప్పినావిడే వచ్చి, మా అందరి ముందూ 'నేను అబద్ధం చెప్పాను' అంటే, ఇల్లు అన్నయ్యకే ఇస్తానంది. రేపు సాయంత్రం దాకా చూస్తుందట. రాకపోతే మేం తీసుకోవాలి, లేదంటే ఆవిడ మేనల్లుడు ఇంటిని ఎవరో బిల్డరుకి రాయించేస్తాడట. బిల్డరయితే మొదట చెట్టుమీదే పడతాడు. అప్పుడు ఇంక మాకు తప్పదు. అన్నయ్యా, మీ ఇంట్లో నేను పొయ్యి వెలిగించడమేంటి? నాకు అన్నం సయిస్తుందా?"

"నీలా."

"ఏటి?"

"శ్రావణమ్మ సెప్పింది ఇన్నావా?"

"ఇన్నాను."

"ఆనవాళ్ళు అడిగారక్కా ఈయన. మాసీమాకి చూపు ఆనదు. తెలుగావిడ, బెంగాలీ బాగా మాట్లాడుతుంది అంది, అంతే. మన కాలనీలో ఎవరికుంటుంది మీ మీద అంత కుళ్ళు? నీకు ఎవరి మీదైనా అనుమానముందా? పేరు చెప్పు చాలు. నువ్వు చెప్పావని కూడా అనను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఆ గేటు దగ్గర నిలబెడతాను. ఆవిడ మొహం నాకు ఒక్కసారి చూడాలనుంది."

"నీలా, ఇంటికోసం. ఒక్క మాట."

"ఇనిపించింది మావా. నాను సెవిటిదాన్ని కాను."

"ఇదుగో, పరదాలు కూడా కుట్టించేశానక్కా. ఆ కిటికీల కొలతే. ఇవి నీ చేత్తో నువ్వే కట్టాలి, నీ ఇంట్లో కట్టాలి. భయపడకక్కా, నేనున్నాను కదా. చెప్పు, ఎవరు?"

"నాకేటి తెలుసు శ్రావణీ? ఎవులో, ఓర్వలేని మనిషి. ఆ పరదాలు నువ్వే అట్టుకెల్లు, రేపు ఆ ఇంట్లో నీ కిటికీలకి పనికొస్తాయి."